నెకు న ఒత్తిస్తే

నీళ్ళు మడమల దాకా ఉన్నాయి కానీ కాళ్ళు తడవడం లేదు, ఇది వాగో బడి వరండానో నాకు తేలడం లేదు, అటు చూస్తే గోడ మీద అఆఇఈల చార్టు, ఇటు చూస్తే ఆసుపత్రి పచ్చ తెర, మధ్యలో అంతా ఇసుక, ఆ ఇసుకలో బెంచీలు వరసగా సగం దాకా కూరుకుపోయి ఉన్నాయి, నేను చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాను, ఎవరైనా ఆపితే బిడ్డను తీసుకుపోవడానికి వచ్చానని చెప్పాలని మనసులో అనుకుంటున్నాను. ఎవరూ ఆపడం లేదు. చివరి బెంచీ మీద నా కూతురు కిన్నెర ఒక్కతే కూర్చుని ఉంది.

కిన్నెర పోయిన వానాకాలంలో విషజ్వరం వచ్చి చనిపోయింది. ఆ సంగతి నాకు కలలో కూడా తెలుసు, అయినా ఆశ్చర్యం కలగడం లేదు, కలుగుతున్నది కోపం. ఇంత పెద్ద చోట అయిదేళ్ళ పసిదాన్ని ఒంటరిగా వదిలేసి పోయిన వాళ్ళెవరో గానీ వాళ్ళను పట్టుకుని కడిగెయ్యాలని ఉంది. దాని జడ ఒకటి ఊడిపోయింది, గౌను బొత్తాలు ఒకదాని రంధ్రంలో ఇంకొకటి పెట్టారు, ముక్కు తుడిచిన వాళ్ళు లేరు. నేను బతికుండగా నా బిడ్డ ఇట్లా తయారైందేమిటని కొంగు తడిపి మూతి తుడుస్తుంటే అది ఎప్పటిలాగే మొహం పక్కకు తిప్పేసుకుంటుంది. ఆ తిప్పుకోవడం చూసి నాకు ప్రాణం లేచి వస్తుంది.

"అందరేరి?" అంటాను.

"పోయిన్రు. నీళ్ళల్ల ఆడుకుంటున్రు," అంటుంది తల ఎత్తకుండా. "పేరు రాసినోళ్ళందరూ పోయిన్రు. నన్ను కూర్చోబెట్టిన్రు."

"ఎవరు కూర్చోబెట్టింది?"

"ఆయమ్మ. పేరు మొత్తం రాసినంకనే పోవాల్నట."

ఒళ్ళోని పలక నా వైపు తిప్పుతుంది. పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'కినెర' అని ఉంది. కి బాగుంది, నె బాగుంది, ర కూడా గుండ్రంగా కుదిరింది, ఒత్తు మాత్రం లేదు.

ఆ ఒత్తు గొడవ పెద్ద కథ. బడిలో వేసిన కొత్తలో టీచరమ్మ "నెకు న ఒత్తియ్యి తల్లీ" అని చెబితే ఇది బలపం గుప్పిట్లో బిగించి, నె మీద ఆనించి, నాలిక బయటపెట్టి, ఉన్న బలమంతా పెట్టి ఒత్తేది. బలపం పుటుక్కున విరిగేది. "ఇంకా ఎంత ఒత్తాలె టీచర్?" అని అడిగిందట. ఆవిడ గేటు దగ్గర నాకు చెబితే నేను కడుపు పట్టుకుని నవ్వాను, ఇంటికి పోయి వాళ్ళ నాన్నకు చెప్పాను, ఆయన నైట్ డ్యూటీకి పోతూ సైకిల్ మీద కూడా నవ్వుకుంటూ పోయాడు. తర్వాత నేను కూర్చోబెట్టి, ఒత్తంటే నొక్కడం కాదే మొద్దూ, న కింద ఇంకో చిన్న న రాయడం అని చూపించాను. చూసి చాలాసేపు ఆలోచించింది.

"ఈ చిన్న న, పెద్ద నకు బిడ్డా?" అంది.

"అవును, బిడ్డే."

"మరి కింద పెడితే నలగదా?"

అప్పటినుంచి అది చిన్న నను పెద్ద న నడుము పక్కన అతికించి రాయడం మొదలుపెట్టింది, చంకనెత్తుకుందట. టీచరమ్మ తుడిచేది, ఇది మళ్ళీ చంకకెక్కించేది. చివరికి విసుగొచ్చి అసలు ఒత్తే మానేసింది. అట్లా కినెరగా ఉండగానే జ్వరం వచ్చింది. పేరు పూర్తిగా రాయకుండానే పోయిందన్న బాధ నన్ను ఎంత తినేసిందో నాకే తెలుసు, అన్నం ముందు కూర్చుంటే అదే, నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే అదే, ఒక్క ఒత్తు, ఒక్క ఒత్తు నేర్పి పంపలేకపోయాను అని.

"చెప్పమ్మా. ఎట్ల రాయాలె?" అంటోంది ఇప్పుడు, నా చేతికి బలపం ఇస్తూ.

బలపం తీసుకుంటాను, పలక మీద ఆనిస్తాను, అప్పుడు తట్టింది నాకు, ఇది రాసేస్తే వెళ్ళిపోతుంది. పేరు సగంలో ఉన్నంతసేపే ఈ బెంచీ మీద ఉంటుంది. నా చెయ్యి ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ ఏ ఒత్తు కోసం ఏడ్చానో అదే నేర్పకూడదని నిర్ణయించుకుంటున్నాను, సిగ్గుపడటం లేదు, ఏ తల్లయినా ఇదే చేస్తుంది.

"ముందు అమ్మ రాద్దాం. అది వస్తే నీ పేరు దానంతట అదే వస్తది," అంటాను.

నమ్ముతుంది. నేనేం చెప్పినా నమ్మేది. అమ్మ రాస్తాం, మ కింద మ, అది మళ్ళీ చంకనెక్కిస్తుంది, నేను తుడవను. నాన్న రాస్తాం. పలక చాటగా మారిపోయింది, చాట నిండా బియ్యం, బియ్యంలో దాని వేలు పట్టుకుని అక్క రాయిస్తున్నాను, అవ్వ రాయిస్తున్నాను, చాట మళ్ళీ పలకైంది, మా ఇద్దరి చేతులకూ సుద్ద అంటుకుంది.

"అందరికీ ఒత్తులున్నయి. తాతకే లేదు," అంటుంది.

"మీ తాత ఎవరినీ ఎత్తుకోడు కదా, అందుకే లేదు."

పకపకా నవ్వుతుంది. ఆ నవ్వుకు చార్టు మీది అక్షరాలు నీళ్ళలోకి రాలి, కొట్టుకుపోయి, తిరిగి వచ్చి తమ చోట్లలో కూర్చుంటాయి, నేను వాటి వంక చూడను, దాని నోట్లో ఊడిన పన్ను సందు చూస్తున్నాను. ఆ సందులో కొత్త పన్ను ఇంకా రాలేదు. దూరంగా నీళ్ళ దగ్గర పిల్లల కేకలు వినిపిస్తున్నాయి, కనిపించడం లేదు, కేక వినిపించినప్పుడల్లా దాని మెడ అటు తిరుగుతోంది.

"ఇప్పుడు నా పేరు?"

"ఆగు. చెల్లి రాద్దాం."

"నాకు చెల్లి లేదు గదా."

"అయినా రాద్దాం."

రాస్తుంది. ఈసారి వేలు మెల్లగా కదులుతోంది. బెంచీ పొడుగ్గా సాగి మంచమైంది, పలక దిండు మీదికి చేరింది, చార్టు మేకుకు సెలైన్ సీసా వేలాడుతోంది, అందులో వాగు నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి.

"కాళ్ళు గుంజుతున్నయమ్మా. ఒత్తు," అంటుంది.

ఆసుపత్రిలో అది ఎక్కువసార్లు అన్న మాట అదే. ఒత్తు, ఒత్తు. నా చెయ్యి ఆడుతుంటే కళ్ళు మూసుకునేది, ఆగితే తెరిచేది. నేనూ వాళ్ళ నాన్నా వంతులు వేసుకుని ఒత్తాం, చివరికి ఎవరి చేతుల్లో ఉండగా ఆ కాళ్ళు చల్లబడ్డాయో మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోము. ఇప్పుడు మళ్ళీ ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతున్నాను, కాలిపోతున్నాయి.

"ఎప్పటి సంది గుంజుతున్నయి బిడ్డా?"

"కూర్చున్నకాడి నుంచి. లేచి ఉరికితే తగ్గుతదట. ఆయమ్మ చెప్పింది."

ఆయమ్మ అంటుండగానే ఆయమ్మ వస్తుంది, ఇసుకను చీపురుతో ఊడుస్తూ, ఊడ్చిన చోట మళ్ళీ ఇసుకే వస్తున్నా పట్టించుకోకుండా. మొహం నేను చూడటం లేదు, చూడదలుచుకోలేదు.

"ఇంకా కాలేదా అమ్మా?" అని అడుగుతుంది మర్యాదగానే.

"కాదు. ఇది నా బిడ్డ, ఇంటికి తీసుకపోత. పేరు సంగతి ఇంటికాడ చూసుకుంటం."

"తీసుకపో తల్లీ. నేనెందుకు వద్దంట? ఎత్తుకో."

ఇంత తేలికగా ఒప్పుకుంటుందనుకోలేదు. గబగబా వంగి రెండు చేతులూ చంకల కింద పెట్టి లేవనెత్తి నడుము మీద కూర్చోబెట్టుకుంటాను. బరువు లేదు. అది ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది, కాళ్ళు రెండూ అటూ ఇటూ వేసింది, బుగ్గ నా భుజానికి తగిలింది, కానీ బరువు మాత్రం లేదు, నేను ఒక అడుగు వేస్తే అది "అబ్బా కాళ్ళు" అని ఏడుపు అందుకుంటుంది, ఇంకో అడుగు వేస్తే గుక్కపట్టి ఏడుస్తుంది, నేను వదలను, గట్టిగా పట్టుకుంటాను, గట్టిగా పట్టుకున్న కొద్దీ దాని ఏడుపు ఎక్కువవుతోంది. ఆయమ్మ ఊడుస్తూనే ఉంది, ఒక్క మాట అనదు. అన్నా బాగుండును, దెబ్బలాడేదాన్ని.

దించేస్తాను. నా చేతులతోనే నా చంకలోంచి దించి పక్కన నిలబెడతాను. ఏడుపు ఆగుతుంది. ముక్కు ఎగపీల్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి పలక వంక చూస్తోంది. ఇంత దుఃఖం నేను దహనం రోజు కూడా పడలేదు.

"ఇటు చూడు," అంటాను. "చిన్న న చంక దిగింది. దిగి వాళ్ళమ్మ పక్కన, ఇదిగో ఇక్కడ, కాళ్ళ దగ్గర నిలబడింది. అట్ల రాయి."

"నలగదా?"

"నలగదు. వాళ్ళమ్మ దాని మీద కాలు పెట్టదు."

"మరి దిగి యాడికి పోతది?"

"యాడికీ పోదు. పేరుల్నే ఉంటది."

అది బలపం తీసుకుంటుంది. నాలిక బయటికొస్తుంది. నెకు న ఒత్తిస్తే న్నె, అని సన్నగా పాడుకుంటూ పెద్ద న కింద కొంచెం పక్కకు చిన్న నను దించుతుంది, చెరిగిపోకుండా గట్టిగా ఒత్తి మరీ రాస్తుంది. బలపం విరగలేదు. పలక మీద కిన్నెర అని ఉంది, ఎవరు చదివినా కిన్నెరే.

"వచ్చిందా?"

"వచ్చింది బిడ్డా."

పలక ఆయమ్మకు చూపించి, నా చేతికిచ్చి, నాలుగడుగులు ఉరికి ఆగుతుంది. కాళ్ళు వంచి చూసుకుంటుంది, నొప్పి లేదన్నట్టు ఒకసారి గెంతుతుంది.

"సాయంత్రం ఎవరొస్తరు? నువ్వా, నాన్నా?"

"ఇద్దరం వస్తం."

"లేటు చెయ్యొద్దు."

"చెయ్యం."

అబద్ధం చెబుతున్నానని నాకు తెలుసు, అది నమ్మింది. నీళ్ళ వైపు పరుగెత్తింది, వెనక్కి చూడలేదు, ఆటకు పోయే పిల్లలెవరు చూస్తారు, కేకల్లో దాని కేక ఒకటి వేరుగా వినిపిస్తుంటే ఇంకొంచెం వినిపిస్తుందని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

కళ్ళు తెరిచాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి చాప మీద పడుతోంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మా ఆయన బనీను తీసేసి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నా చూపుడు వేలు ఆయన వీపు మీద ఆనించి ఉంది. చటుక్కున తీసేశాను.

"లేచినవా?" అన్నాడు, అటు తిరిగే.

"మీరు పడుకోలేదా?"

"పడుకున్న. నువ్వు రాస్తుంటే మెలకువొచ్చింది. కదిలితే ఆపేస్తవని కదల్లేదు." గోడ వైపే చూస్తూ, "శానాసేపు ఒత్తు లేకుండనే రాసినవ్. కినెర, కినెర అని. ఇందాక పెట్టినట్టున్నవ్ గదా?" అన్నాడు.

"నేను కాదు," అన్నాను. "అదే పెట్టింది."

ఆయన ఇటు తిరగలేదు. భుజాలు కదలడం మొదలైంది. ఆయన వీపు మీద, వెన్నుపూసకు కొంచెం పక్కగా, నా గోరు గట్టిగా ఒత్తుకున్న చోట చర్మం చిన్నగా ఎర్రగా కంది ఉంది.