పొట్లంలో నోటీసు

గుణదల దాటాక శాంతివనం కాలనీలో పిల్లలు ఆడుకునే గ్రౌండు ఉంది. దాని మూల మీద అమలమ్మ బజ్జీల బండి. మొగుడు పోయాక ఆ బండే ఆమె ఇల్లు గడిపింది. ఆ మూల పోతే బండి నిలబెట్టుకోవడానికి ఆమెకు వేరే చోటు లేదు.

పొట్లాలకు కాగితం సత్యనారాయణగారు పంపేవారు. 'బ్యారేజి వాణి' అనే దినపత్రికకు ఎడిటరూ, రిపోర్టరూ అన్నీ ఆయనే. చదివేవాళ్లు మాత్రం లేరు. పేరు మార్పులు, పోయిన దస్తావేజులు, మీటింగు నోటీసులు... పేపర్లో వేయించామని చూపించుకోవాల్సినవాళ్లే ఆ పత్రికకు మహారాజ పోషకులు. వాళ్లకు తలా రెండు కాపీలు ఇచ్చేసి, మిగతా కట్టను మడత విప్పకుండా అమలమ్మకు పంపేసేవారు. పెద్దాయన పుణ్యమా అని శుభ్రమైన కాగితం దొరుకుతోందని ఆమె మురిసిపోయేది. చదివే తీరికెక్కడిది పాపం!

ఆ సాయంత్రం దీవెన అనే కాలేజీ పిల్ల మిరపకాయ బజ్జీ కొరుకుతూ పొట్లం వంక చూసి ఆగిపోయింది.

"ఆంటీ, గ్రౌండు ఫంక్షన్ హాలుకి లీజుకిస్తారంట. రేపు పదింటికి సొసైటీ ఆఫీసులో మీటింగంట. కాలనీలో ఎవరికన్నా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పొచ్చంట."

"ఏ గ్రౌండే?"

"ఇదే. మనం నించున్నదే."

అమలమ్మ ఆ పొట్లం లాక్కుని తనే చదువుకుంది. మూకుట్లో బజ్జీలు మాడిపోయాయి. మూకుడు దించి కట్టంతా ముందేసుకుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లకీ ఆ నోటీసున్న పేజీలోనే పొట్లం కట్టింది. "తిన్నాక చదవండి బాబూ, పారేయమాకండి" అని మరీ మరీ చెప్పింది.

మర్నాడు సొసైటీ కార్యదర్శి ప్రద్యుమ్న నాలుగు కుర్చీలు వేయించి, మీటింగు చూడటానికి పై ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరుకి కాఫీ తెప్పించాడు. అది చల్లారేలోపే పని అయిపోతుందని అతని ధీమా. పదయ్యేసరికి మెట్ల మీద కూడా జనమే. అందరి చేతుల్లోనూ నూనె మరకల కాగితాలు.

"వీళ్లెవరూ పేపరు చదివేవాళ్లు కాదండీ. ఎవరో రెచ్చగొట్టి పంపారు" అన్నాడు ప్రద్యుమ్న.

నోటీసు వేసిన పత్రిక తరఫున వచ్చి కూర్చున్న సత్యనారాయణగారి వైపు ఆఫీసరు తిరిగాడు. "ఏమండీ, మీ పేపరు ఈ కాలనీలో చదువుతారా?"

చదవరంటే నోటీసు చెల్లదు. చదువుతారంటే వీళ్ల మాట వినక తప్పదు. సత్యనారాయణగారు జనం వైపు చూశారు. తన పేపరు పట్టుకుని నిలబడ్డ మనుషుల్ని చూడటం ఆయనకు అదే మొదలు.

"చదువుతారండీ" అన్నారు.

లీజు వద్దనేవాళ్లు చేతులెత్తమంటే గదిలో ఎత్తని చెయ్యి ప్రద్యుమ్నదే. లీజు ఆగిపోయింది.

బయట మెట్ల దగ్గర సత్యనారాయణగారు అమలమ్మ ముందు తలొంచుకుని నిలబడ్డారు. "ఆ గ్రౌండు నీ బండి ఉన్నదేనని నాకు తట్టలేదమ్మా. తట్టుంటే నిన్న కట్ట పంపకపోదును."

తెలిసుంటే నోటీసు దాచేసేవాణ్ణని ఒప్పుకున్నట్టయింది; ఎంత మాట అన్నారో అన్నాక గానీ ఆయనకు తెలియలేదు. అమలమ్మకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఎవరెవరి గ్రౌండులు తన చేతుల మీదుగా నూనెలో నానిపోయాయో!

"పంపండి బాబుగారూ, రోజూ పంపండి" అంది. "కాకపోతే తెల్లారేసరికి పంపండి. చదివాకే చింపుతాను."