చప్పుడు చెయ్యని ప్యాడ్

అక్క గుండె తనంతట తాను కొట్టుకోవడం మానేసింది కాబట్టి ఇప్పుడు దాన్ని నేను కాలితో కొడుతున్నాను. నా ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కు ఒక కిక్ ప్యాడ్ ఉంది. పెడల్ తొక్కితే చిన్న సుత్తి వెళ్ళి ప్యాడ్‌కు తగులుతుంది. అక్క ఊపిరి తీసుకుంటుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. వేళ్ళు నల్లబడేదాకా జీడిపిక్కలు కొట్టి అక్క నూకరత్నమే చదివించింది. అందుకని విసుక్కోకుండా తొక్కుతున్నాను.

కింద వాటాలో ఇంటి ఓనరు కామేశ్వర్రావు గారుంటారు. నా ప్రతి దెబ్బా నేలలోంచి దిగి ఆయన కంచంలో పడుతోంది. ఆయన దాన్ని వేలితో పక్కకు నెట్టి, భోజనం ముగించి, పైకి వస్తారు.

“ఆవిణ్ణి బతకొద్దని నేనన్నానా బాబూ? చప్పుడు లేకుండా బతకమంటున్నాను.”

సాయంత్రానికి చప్పుడు ఆగకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలట.

అక్కా నేనూ కొత్త ప్యాడ్ కొనడానికి బయల్దేరతాం. దారిలో నా అడుగులే ఆమెకు చాలు. సిగ్నల్ దగ్గర నిలబడ్డచోటే కాలు కొడుతుంటే, పక్కన స్కూటరాయన అర్జెంటా అని అడుగుతాడు.

షాపతను ఒక్కొక్కటే బిగిస్తాడు, నేను తొక్కి చూస్తాను. రబ్బరు ప్యాడ్ మీద అక్క బుగ్గలకు రంగొస్తుంది, షాపులోని అద్దాలన్నీ వణుకుతాయి. సన్నటి వల బిగించిన ప్యాడ్ మెత్తగా పలుకుతుంది. కాని తొక్కేకొద్దీ వలతోపాటు అక్క కూడా పలచబడి, ఆమెలోంచి గోడ మీది గిటార్లు కనిపిస్తాయి. దళసరి స్పాంజి ప్యాడ్ అరగదు, చిరగదు. దెబ్బతోపాటు అక్క గొంతునూ మింగేస్తుంది.

“గట్టిదీ, చప్పుడు లేనిదీ అంటే ఇదొక్కటే సార్. మనిషుంటే చాలదా, మాటలెందుకు?” అంటాడు షాపతను.

రబ్బరుది మళ్ళీ పెట్టించి, ఏది కావాలని అక్కనే అడుగుతాను.

“ఓనరుగారికి నచ్చిందే తీసుకోరా తమ్ముడా. ఇల్లు మళ్ళీ దొరకదు.”

ఇంటికొచ్చి స్పాంజి ప్యాడ్ బిగించి తొక్కుతున్నాను. కామేశ్వర్రావు గారు పైకి వచ్చి, సంతోషించి, మంచం మీదున్న అక్క గుండెకు చెవి ఆనిస్తారు. తర్వాత నా భుజం తడతారు.

“అద్దె ఇంట్లో శవం ఉండకూడదు బాబూ. పొద్దుండగానే తీసెయ్యాలి.”

కళ్ళు తెరిచే ఉంది, చూడండి, అంటాను.

“మరి చప్పుడేది?”

నేను ఇంకా గట్టిగా తొక్కుతాను. నలుగురు పాడెతో వస్తారు. వాళ్ళకు శ్రమ కలగకుండా అక్కే లేచి దాని మీద పడుకుంటుంది. దండ వేస్తారు. ముక్కులో దూది పెడుతుంటే తల కాస్త ఎత్తి సాయపడుతుంది.

వాళ్ళు మెట్లు దిగుతున్నారు. నేను పెడల్ వదలడం లేదు. తొక్కిన ప్రతిసారీ అడుగున ఇంకో మెట్టు మొలుస్తోంది. వీధి కనబడుతూనే, ఇంకా కిందికి జారుతోంది. మోసేవాళ్ళు అలిసిపోయి భుజాలు మార్చుకుంటున్నారు. అక్కకు ఆకలేసినట్టుంది. పాడె మీద ఒత్తిగిలి దండలోని బంతిపూలు తెంపి నములుతోంది. చెయ్యి చాపి, మోసేవాళ్ళ నోళ్ళలోనూ తలా ఒకటి పెడుతోంది.