కిందిపల్లె బావిమందు

కంబదూరు పక్క ఊళ్ళల్లో నారికురుపు లేని ఇల్లు అరుదుగా ఉండే కాలమది. దిగుడుబావిలో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకుంటారు, ఆ నీళ్ళే తాగుతారు. ఏడాది తిరిగేసరికి కాలి మీద పొక్కు లేచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. మధ్యలో తెగితే కాలు చీము పడుతుంది.

1974లో డాక్టర్ శ్రీరంగప్ప జీపులో దిగాడు. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టి, పట్నంలో అంటురోగాల చదువు చదివిన మనిషి. పైపల్లె బావికొకటి, కిందిపల్లె బావికొకటి, నీళ్ళలో పురుగు చచ్చే మందు నెలనెలా రెండు డబ్బాలు పంపేవాడు. అది పోసే పని, ఇంటింటికీ తిరిగి పురుగులొచ్చినవాళ్ళ లెక్క రాసే పని కిందిపల్లె కుళ్ళాయప్పకు దొరికింది. ఖాకీ చొక్కా కూడా ఇచ్చారు. అది తొడుక్కుంటే కుళ్ళాయప్పకు తానే సగం డాక్టరైనట్టుండేది.

ఆ సగం డాక్టరు తెలివే కొంప ముంచింది. అతని భార్య హనుమంతమ్మ కడవ మూతికి పాతచీర ముక్క రెండు మడతలేసి కట్టి నీళ్ళు వడగట్టేది. అత్త నేర్పిన అలవాటు. ఆ ఇంట్లో ఎవరికీ పురుగు రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

"మందు పోసిన నీళ్ళకు గుడ్డేందే? మందంతా గుడ్డకే పట్టుకుంటాది" అని కుళ్ళాయప్ప ఆ ముక్క పీకి పారేశాడు. అలా వడగట్టే నాలుగిళ్ళకూ పోయి అదే మాట చెప్పాడు. డాక్టరు మనిషి మాట కదా, అందరూ విన్నారు.

పైపల్లెలో పురుగు తగ్గిపోయింది. కిందిపల్లెలో ఇంకా ఎక్కువైంది. మూడో ఏడు హనుమంతమ్మ మోకాలికే వచ్చింది. కుళ్ళాయప్ప పుల్లకు చుడుతుంటే తెగింది. చీము పట్టి, మానేసరికి కాలు వంగిపోయి మళ్ళీ చాపడానికి రాలేదు. డాక్టరు వచ్చి చూసి ఇరవై మూడో కేసని రాసుకున్నాడు. మా ఊరి పురుగు మొండిదనుకుని కుళ్ళాయప్ప ఇంకా శ్రద్ధగా పోశాడు.

1981లో శ్రీరంగప్పది ఇరవయ్యో వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది. అనంతపురంలో శాలువా కప్పారు. "నీ పేరు కూడా ఉండాది చూడప్పా" అని కుళ్ళాయప్పకు ఒక కాపీ ఇచ్చాడు. కుళ్ళాయప్ప సంబరంగా స్కూలు మాస్టరు నారాయణప్పను ఇంటికి పిలిచి, పెళ్ళాం ముందర చదివించాడు.

మాస్టరు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. "కిందిపల్లె బావిలో పోసింది మందు కాదప్పా. ఉత్త నీళ్ళు. మందు పోసిన ఊరికీ పొయ్యని ఊరికీ తేడా తెలియాల కదా. పోసేవాడికి కూడా చెప్పలేదంట."

"మరి నా పేరు?"

"చివర్లో ఉండాది. నమ్మకంగా పోసినందుకు కృతజ్ఞతలంట."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయన్నట్టయింది. హనుమంతమ్మ మొగుడి మొహం వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే కుళ్ళాయప్పకు చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

మర్నాడే బస్సెక్కి డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు నొచ్చుకోలేదు. "నీకు చెప్పుంటే పోసేవాడివా? పరిశోధనలో ఎవరో ఒకరు మందు లేని పక్క ఉండాల్సిందేనప్పా" అన్నాడు.

కుళ్ళాయప్ప అదే ఖాకీ చొక్కాతో ఇంటింటికీ తిరిగి నిజం చెప్పాడు. ప్రతి గడప దగ్గరా తిట్లు తిన్నాడు. ఏ ఇల్లూ వదలకుండా కడవలకు తనే గుడ్డలు కట్టాడు. రెండేళ్ళకు కిందిపల్లెలో ఒక్క పురుగు లేదు.

లెక్క చూసి డాక్టరు జీపులో పరిగెత్తుకొచ్చాడు. "మందు లేకుండానే పురుగు యాడికి పోయింది?"

"గుడ్డ కట్టినాం సార్. నా పెండ్లాం అలవాటు."

కోప్పడతాడనుకున్నాడు కుళ్ళాయప్ప. డాక్టరు మాత్రం హనుమంతమ్మను గుడ్డ కట్టమని, ఆ కడవకు దగ్గరగా ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటేడు ఇరవై నాలుగో వ్యాసం వచ్చింది. బీద పల్లెలకు శ్రీరంగప్ప కనిపెట్టిన గుడ్డ పద్ధతంట. ఫొటోలో కడవ, గుడ్డ, గాజుల చేతులు రెండు. ఈసారి కృతజ్ఞతల్లో కుళ్ళాయప్ప పేరు కూడా లేదని మాస్టరు చెప్పాడు.

హనుమంతమ్మ వంగిన కాలు మీద చేయి పెట్టుకుని అంతా వినింది.

"చేతులు ఈడ ఉండాయి సరే. నా కాలు ఎన్నో వ్యాసంలో ఉండాదో చూడు సారూ."

"ఇరవయ్యో దాంట్లోనమ్మా" అన్నాడు మాస్టరు. "పేరు లేదు. ఇరవై మూడో నంబరు."