నడిచే మనిషి, నిలబడే మనిషి

పిన్ని నెత్తిన నీలం టోపీ పెట్టి మేనేజరు చప్పట్లు కొట్టినప్పుడు, అందరూ నిచ్చెన అని పిలిచే అమ్మాయికి ముందు గుర్తొచ్చినవి తన కాళ్ళే. నెల పొడుగునా నడిచింది తను. టోపీ వచ్చింది పిన్నికి. అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టింది.

అది హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. వేడి రోలరులోంచి బయటికొచ్చిన దుప్పటిని మడతపెట్టడానికి ఇద్దరు కావాలి, ఒకరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు రెండు కొసలు పట్టుకుని బల్ల దగ్గర నిలబడతారు. రెండోవాళ్ళు మిగతా రెండు కొసలూ పట్టుకుని వెనక్కి జరిగి, బిగించి, మళ్ళీ నడిచొచ్చి ఆ కొసల్ని నిలబడ్డవాళ్ళ చేతికిస్తారు. పొద్దస్తమానం ఇంతే. అరిగేవి నడిచే మనిషి కాళ్ళు, మడత పూర్తయ్యేది మాత్రం నిలబడ్డ మనిషి చేతిలో.

ఎవరు నడవాలి, ఎవరు నిలబడాలి అన్నది ఆ హాల్లో ఆడవాళ్ళు ఎప్పుడూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు. నడుం పట్టేసినా, నీళ్ళోసుకున్నా, బిడ్డకి జ్వరమొచ్చి కంటి మీద కునుకు లేకపోయినా ఆ మనిషి నిలబడేది, జోడీ నడిచేది. పిన్ని మోకాళ్ళు పాడై చాలా కాలమైంది. నిచ్చెన ఆమె సొంత అక్క కూతురు, పేరుకి తగ్గట్టే పొడుగు మనిషి. తల్లి పోయాక పెంచి, చేతికి పని చూపించింది పిన్నే. అందుకని వాళ్ళ జోడీలో నడకంతా నిచ్చెనది.

పెద్దాఫీసు నుంచి దిగిన కొత్త ఆఫీసరుకి ఇవేవీ పట్టలేదు. మాటకి ముందు ఉత్సాహం, మాట వెనక ఉత్సాహం అంటాడు కాబట్టి ఆయనకి ఉత్సాహం సారనే పేరు స్థిరపడింది. పనివాళ్ళని మెచ్చుకుంటే పని పరుగెడుతుందన్నాడు. నెలకో ఉత్తమ కార్మికురాలన్నాడు. ఎవరి బల్ల మీద మడతలు ఎక్కువుంటే వాళ్ళకి టోపీ, గోడ మీద ఫొటో, మేనేజరు గదిలో కుర్చీ వేసి కాఫీ. బల్ల నిలబడ్డ మనిషిది. నడిచినవాళ్ళ అడుగులు ఏ బల్ల మీద పేరుస్తారు?

పిన్నికి టోపీ పెట్టిన మర్నాటి నుంచి హాల్లో నడిచేవాళ్ళు కరువయ్యారు. ప్రతివాళ్ళకీ నిలబడాలనే ఉంది. ఇద్దరూ బల్ల దగ్గరే నిలబడి గుంజుకుంటుంటే దుప్పట్లు నేలపాలై, తిరిగి ఉతుక్కి వెళ్ళేవి. ఒకరి నడుంనొప్పి ఇంకొకరికి నాటకంలా కనిపించడం మొదలైంది. కొత్తపెళ్ళికూతురని ముద్దుగా పిలుచుకునే పిల్లకి ఏడో నెల. ఆమె జోడీ కూడా బల్ల వదలనంది. పాపం, ఆ పిల్ల పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచింది.

ఉత్సాహం సారు అద్దాల గదిలోంచి చూస్తూ నవ్వుకునేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో ఎవరూ అడగలేదు. ఎవరి గొడవలో వాళ్ళున్నారు.

ఆ తర్వాత పిన్నిని ఆ గదిలోకి పిలిచారు. తలుపేశారు. కాఫీ చల్లారేంతసేపు మాట్లాడారు. బయటికొచ్చిన పిన్ని ఎవరి మొహమూ చూడకుండా బల్ల దగ్గరికెళ్ళింది. ఇంకో రోజు మళ్ళీ పిలిచారు. ఆ వారంలోనే కొత్తపెళ్ళికూతుర్ని పనిలోంచి తీసేశారు, చురుకు లేదని.

ఇక హాలంతా చెవులు కొరుక్కోవడమే. పేర్లు అందించింది పిన్నేనన్నారు. టోపీ ఊరికే ఇస్తారా అన్నారు. పిన్ని పక్కకొస్తే మాట ఆపేసి రోలరు వైపు చూసేవాళ్ళు. నిచ్చెన ఇంటికెళ్ళి సూటిగానే అడిగింది, లోపల ఏం మాట్లాడారని. పిన్ని మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, ఏం లేదే, పనిమాటలే అంది. అబద్ధం చెప్పేటప్పుడు పిన్ని నూనె ఎక్కువ ఒంపుకుంటుందని నిచ్చెనకి తెలుసు. మర్నాడు ఆమె ఇంకో జోడీ వెతుక్కుంది. పెంచిన చేతుల ఎదుట నిలబడాలంటే భయమేసే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

రోలరు నడిపే పెద్దాయన, అందరూ రోలరన్న అనేవాళ్ళు, మధ్యాహ్నం భోజనాల గదిలో అందర్నీ కూర్చోబెట్టాడు. కొత్తపెళ్ళికూతురి సంగతి తేల్చాలన్నాడు. తేలింది లేదు, అరుపులే. టోపీ తీసెయ్యమని కొందరు, తమకీ ఓసారి రానిచ్చి అప్పుడు తీసెయ్యమని కొందరు. చివరికి అందరి వేళ్ళూ పిన్ని వైపే తిరిగాయి.

పిన్ని లేచింది. "పేర్లడిగారు. ఎవరు మెల్లగా చేస్తున్నారో చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఆ పిల్ల పొట్ట వాళ్ళకి అద్దంలోంచే కనపడింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది నిచ్చెన.

"లోపలి మాట బయటికొస్తే నన్ను కాదే, నిన్ను తీసేస్తామన్నారు." పిన్ని మోకాలు రుద్దుకుంది. "ఇంకోటి కూడా ఉంది. ఇన్నేళ్ళ చాకిరీలో బాగా చేశావని ఒక్కడూ అనలేదు నన్ను. టోపీ పెడితే బాగుందనిపించింది. నడిచింది నువ్వని తెలిసి కూడా పెట్టుకున్నాను. తప్పే."

రోలరన్న నెమ్మదిగా అన్నాడు, "మెచ్చుకోలు కోసం మొహం వాచిన మనుషులమని వాళ్ళకి తెలుసమ్మా. అక్కడే పట్టుకున్నారు."

కొందరు నమ్మారు, కొందరు పెదవి విరిచారు. నిచ్చెన నమ్మాలనుకుంది గానీ మనసు ఒప్పలేదు. ఇది కూడా లోపల నేర్పిన మాటేమో అని ఒక పురుగు తొలుస్తూనే ఉంది.

మళ్ళీ టోపీ రోజొచ్చింది. ఈసారి యజమాని స్వయంగా వచ్చాడు, వెంట హోటళ్ళవాళ్ళు. ఉత్సాహం సారు మురిసిపోతూ పిన్నిని ముందుకి పిలిచి, ఉత్తమ కార్మికురాలు మడత ఎలా వేస్తుందో పెద్దలకి చూపించమన్నాడు. రోలరులోంచి ఇద్దరు పడుకునేంత వెడల్పు దుప్పటి వచ్చింది. పిన్ని రెండు కొసలు పట్టుకుని నిలబడింది. అలవాటు కొద్దీ నిచ్చెన కాలు కదిలింది.

"ఎవరూ రావొద్దు," అంది పిన్ని. "టోపీ ఒక్కదానికే ఇచ్చారు. ఒక్కదాన్నే మడతేస్తాను."

వేసింది. చేతులు చాచితే అందలేదు. ఒంగితే మోకాళ్ళు పట్టేశాయి. అవతలి సగం నేల మీద ఈడ్చుకుపోయింది. ఆమె దాన్ని లాక్కుంటూ, తొక్కుకుంటూ, మళ్ళీ మొదలుపెడుతూ ఉంటే హోటళ్ళవాళ్ళు గడియారాలు చూసుకున్నారు. ఉత్సాహం సారు మొహం మాడిపోయింది. ఆయన నిచ్చెన పక్కకొచ్చి గుసగుసగా, వెళ్ళి పట్టుకోమన్నాడు, వచ్చే నెల టోపీ నీదేనన్నాడు.

ఆ గొంతు వినగానే నిచ్చెనకి లోపలి గది కళ్ళక్కట్టింది. పిన్నితో కూడా ఈ గొంతుతోనే మాట్లాడి ఉంటాడు. పురుగు చచ్చింది. ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది.

"నాకొద్దు సారూ. ఆ పిల్లని పనిలోకి పిలవండి, పట్టుకుంటాను."

పక్క బల్ల ఆమె చేతిలోని కొసలు వదిలేసింది. ఆ తర్వాతి బల్ల ఆమె కూడా వదిలింది. రోలరన్న మిషను ఆపాడు. అన్నేళ్ళలో పగటిపూట ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. యజమాని పిన్నికి గేటు చూపించాడు. పిన్ని వెళ్ళింది. ఆమె వెనకే హాలంతా వెళ్ళింది.

గేటు ముందు కూర్చున్నారు. కొత్తపెళ్ళికూతురు కబురందుకుని, వద్దన్నా వచ్చి నీడలో చతికిలబడింది. పొద్దు వాలుతుంటే గుమాస్తా వచ్చి, యజమాని మాట్లాడతారట, మీలో ఒకరు లోపలికి రండి అన్నాడు. అందరూ రోలరన్న వైపు చూశారు. ఆయన నిచ్చెన వైపు చూశాడు.

"ఒక్కరు రారు," అంది నిచ్చెన. "ఎవరు ఒంటరిగా లోపలికెళ్ళినా, ఏం అమ్ముకొచ్చారోనని మేం మళ్ళీ మొహాలు చూసుకోవాలి. ఆ రోగం మీరు అంటించిందే. ఆయన్నే బయటికి రమ్మనండి. అందరికీ వినపడేలా మాట్లాడమనండి."

యజమాని రాలేదు. పోలీసు వ్యాను వచ్చింది. దిగిన అధికారి అటూ ఇటూ చూసి, దీనికంతటికీ నాయకుడెవరని అడిగాడు. అతనికీ ఒక్కరే కావాలి.

పిన్ని మోకాలి మీద చెయ్యి మోపి లేవబోయింది, నిచ్చెన రెక్క పట్టుకుని లేపింది. ఇద్దరూ వ్యాను దగ్గరికి నడిచారు. వాళ్ళ వెనక రోలరన్న, పక్క బల్లవాళ్ళు, నిన్నటిదాకా పిన్నితో మాట్లాడనివాళ్ళు, పొట్ట పట్టుకుని ఆ పిల్ల, అందరూ లేచి వరసకట్టారు. ఆ వరస గేటు దాటి వీధి మలుపు దాకా పోయింది.

పిన్ని వ్యానులోకి తొంగి చూసింది.

"ఇది చాలదు బాబూ," అంది అధికారితో. "ఇంకా తెప్పించండి."