లాగే చెయ్యి

డాక్టరు ప్రసన్నకుమార్ గారు కంప్యూటర్లో నా తల లోపలి బొమ్మ చూపించారు. ఒకదాని వెనక ఒకటి పల్చటి పొరలు. ఆయన వేలు కదిపినప్పుడల్లా ఒక పొర పోయి ఇంకోటి వస్తోంది. ఆత్రేయపురంలో ముప్ఫై ఎనిమిదేళ్లుగా పూతరేకులు తీస్తున్నదాన్ని, నోరు ఊరుకుంటుందా? "బాగా తీశారండి, ఒక్క రేకూ చిరగలేదు" అన్నాను. ఆయన నవ్వేశారు. పక్కన కూర్చున్న మా ఆయన, బుల్లియ్య గారు, పరువంతా పోయినట్టు కండువా సర్దుకున్నారు.

ప్రసన్నకుమార్ గారు నెలకో ఆదివారం హైదరాబాదు నుంచి రాజమండ్రి వచ్చి నరాల జబ్బులు చూస్తారు. ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్లేసరికి నా చేతులు రెండూ వణకడం మొదలై రెండేళ్లు. గ్లాసు పట్టుకుంటే కాఫీ సగం చీరకే. ఊళ్లో తలో పేరూ పెట్టారు, పక్షవాతమన్నారు, గాలి అన్నారు, దిష్టి అన్నారు. ఈయన నా చేత కాగితం మీద గుండ్రంగా చుట్టలు గీయించారు, గదిలో అటూ ఇటూ నడిపించారు, రక్తం పరీక్షలు చేయించారు. "ఇది పార్కిన్సన్ కాదమ్మా. పని చెయ్యబోయినప్పుడే వచ్చే వణుకు. ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు" అని చెప్పి ఏడాది పాటు మాత్రలిచ్చారు. వాటితో వణుకు ఆవగింజంత తగ్గింది, నిద్ర గుమ్మడికాయంత పెరిగింది.

అప్పుడు చెప్పారు ఆ మిషను సంగతి. కోత లేదట, రక్తం లేదట. తల చుట్టూ వెయ్యి చోట్ల నుంచి అల్ట్రాసౌండ్ పంపి, లోపల కందిగింజంత చోట కలుపుతారట. అక్కడ వేడి పుడితే వణుకు ఆగుతుందట. అల్ట్రాసౌండంటే కడుపులో బిడ్డని చూసేదనే నాకు తెలుసు. దానికి ఇంత పనితనం ఉందని ఎవరనుకున్నారు!

"కాకపోతే ఇప్పటికి ఒక చెయ్యే. రెండోదాని మాట తరవాత, అదీ అందరికీ కుదరదు. ఏ చేతికి చెయ్యమంటారు?" అన్నారు డాక్టరు గారు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "కుడి చెయ్యండి. ఇంకేం చెయ్యి ఉంటుందండి?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను పుర్రచేతిదాన్ని. అన్నం తినడం, బొట్టు పెట్టడం, డబ్బులివ్వడం కుడిచేత్తో చెయ్యమని పుట్టింట్లో వీపు వాయగొట్టి నేర్పారు. నేర్చుకున్నాను. కుండ దగ్గర మాత్రం ఏ దెబ్బలూ పనిచెయ్యలేదు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పక్కన పళ్లెంలో పల్చటి బియ్యప్పిండి జావ. గుడ్డ అందులో ముంచి, కుండ మీద పరిచి, చటుక్కున లాగితే కుండ మీద రేకు నిలబడుతుంది. గుడ్డ రెండు చేతులా పట్టుకున్నా లాగేది ఒక చెయ్యే, రెండోది ఉత్త తోడు. నాకు లాగే చెయ్యి ఎడమది. అది ఇంత వణికినా రేకు రాదు.

కాపురానికొచ్చిన మూడో రోజున మా అత్తగారు అది చూసింది. "ఎడంచేతి రేకు దేవుడికెక్కుతుందటే? కొనేవాళ్లు చూస్తే ఇంకేమైనా ఉందా?" అని నా పొయ్యి వెనక వసారాలో, గోడకి ఎదురుగా పెట్టించింది. ఆ రోజు నుంచి గోడే నా ఊరు. నా రేకులు పెళ్ళిళ్లకెళ్లాయి, వ్రతాలకెళ్లాయి, ద్రాక్షారామం భీమేశ్వరుడి దాకా వెళ్లాయి. నా వీపు చూసినవాళ్లే గాని చెయ్యి చూసినవాళ్లు లేరు. ముందు గదిలో కూర్చుని అమ్మే మా ఆయన కూడా చూడలేదు. అత్తగారు చెప్పలేదు, నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

అత్తగారు పోయి పదకొండేళ్లు. అయినా డాక్టరు గారి ముందు "ఎడమది" అనడానికి సిగ్గేసింది. పైగా కుడిచేతి మీదా ఆశ లేకపోలేదు. గుళ్లో తీర్థం పడితే మోచేతి దాకా కారిపోతోంది, పెళ్ళి పంక్తిలో పప్పన్నం ఒళ్లో పడుతోంది. నలుగురూ చూసేది కుడిచేతినే కదా. "కుడిదేనండి" అన్నాను.

హైదరాబాదు ఆసుపత్రిలో నాకు గుండు కొట్టిన నర్సు పేరు మెర్సీ. వాళ్లది తణుకట. "తిరపతి వెళ్లకుండానే పుణ్యమొచ్చేసిందండి మీకు" అంది. తలకి చట్రం బిగించి, మిషను బల్ల మీద పడుకోబెట్టారు. తల చుట్టూ సంచీలాంటి దాన్లో చల్లటి నీళ్లు తిరుగుతున్నాయి. మెర్సీ నా ఎడంచేతిలో చిన్న బటను పెట్టింది. "భయమేసినా, నొప్పెట్టినా ఇది నొక్కండమ్మా. అంతా ఆగిపోద్ది. ముందు చిన్న వేడి పెట్టి చూస్తారండి, దాని గుణం కాసేపట్లో పోద్ది. అది బాగుంటేనే అసలుది."

మొదటి వేడికి తల కొంచెం తిరిగింది. డాక్టరు గారు వచ్చి పలక పట్టుకున్నారు, పడుకునే చుట్ట గీశాను. నా కుడిచెయ్యి నిలబడింది! మూడేళ్ల తరవాత గీత గీతలా వచ్చింది. అబ్బ, ఎంత బాగుందో! కళ్లు తడిశాయి. "ఇంకొక్కసారి చూసుకుని అసలుది పెడదాం" అని ఆయన వెళ్లారు.

కళ్లు మూసుకున్నాను. మిషను టకటకమంటోంది. కాసేపటికి ఆ టకటకలు ధవళేశ్వరం లాకుల దగ్గర నీళ్ల చప్పుడైపోయాయి. తెల్లారగట్ల గోదావరి. నీళ్లు కనపడటం లేదు, జావ కలిపినట్టు తెల్లగా ఉంది ఏరంతా. దాని కింద ఎవరో మంట పెట్టారు, వెచ్చగా ఉంది. నేను గట్టు మీద కూర్చుని ఏటి మీద గుడ్డ పరిచాను. ఎంత గుడ్డ! అవతలి గట్టు దాకా పోయింది. కుడిచేత్తో లాగాను. కుడిచెయ్యి వణకలేదు, గుడ్డ మాత్రం రాలేదు. దానికి లాగడం తెలియదు. పాపం, దానికెవరు నేర్పారు?

ఏటి మధ్యలో పడవలో మా అత్తగారు కూర్చునుంది, ఒళ్లో గిన్నె, గిన్నెలో నెయ్యి. ఆవిడకెప్పుడూ తొందరే. "చూస్తావేంటే, పొద్దెక్కుతోంది. వచ్చే చేత్తో లాగు" అంది, రేకులు ఆలస్యమైతే విసుక్కునే గొంతుతోనే.

ఎడంచెయ్యి బిగించి లాగాను.

చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయింది. లైట్లు వెలిగాయి. నా ఎడంచేతిలో బటను నొక్కుకుపోయి ఉంది. డాక్టరు గారు గబగబా వచ్చారు. "ఏమైందమ్మా, నొప్పా?"

పొరపాటున నొక్కానండి అంటే సరిపోయేది. ఆయన మళ్లీ మొదలుపెట్టేవారు, నేను జీవితాంతం చక్కగా పప్పన్నం తినేదాన్ని.

"నొప్పి కాదండి. చెయ్యి ఇది కాదండి. నా పని చెయ్యి ఎడమది. అబద్ధం చెప్పాను, మన్నించండి" అన్నాను. అంటూంటే ఏడుపొచ్చింది.

ఆయనకి కోపం రాలేదని చెప్పను. అయినా "మంచి సమయానికి చెప్పారు. అసలుది ఇంకా పెట్టలేదు" అన్నారు. ఆ రోజుకి ఆపేశారు. రెండు రోజులాగి, నన్నొక్కదాన్నీ కూర్చోబెట్టి అన్నీ మళ్లీ అడిగి, కొత్త కాగితాల మీద సంతకం పెట్టించుకుని, ఎడంచేతికి చేశారు. మా ఆయనకి మాత్రం "ప్లాను మారిందండి" అన్నారు. ఆయన అయోమయంగా తలూపారు. అలిగారు గాని, ఎందుకు మారిందని ఊరొచ్చేదాకా నన్నడగలేదు.

ఇంటికొచ్చిన పదిహేనో రోజున పొయ్యి ముందు గదిలోకి మార్పించాను, వీధి గుమ్మానికి ఎదురుగా. గుండుకి కొంగు చుట్టుకుని కూర్చున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. గుడ్డ ముంచాను, పరిచాను, ఎడంచేత్తో లాగాను. రేకు నిలబడింది. మూడేళ్ల తరవాత, అంచు దగ్గర కూడా చిరగకుండా.

ఆయన దగ్గరికొచ్చి రేకు చూశారు, నా ఎడంచెయ్యి చూశారు.

"ఎప్పుడూ ఇదేనా?" అన్నారు.

"ఎప్పుడూ ఇదేనండి."

తొలి రేకు దేవుడికి పెట్టడం మా ఇంటి ఆనవాయితీ, అదీ కుడిచేత్తోనే. అలవాటుగా కుడిచెయ్యి చాపాను. అది వణుకుతోంది, దాంతో తీస్తే రేకు పొడైపోతుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన లోపలికెళ్లి దేవుడి పళ్లెం తెచ్చారు. నా కుడిపక్క నిలబడబోయి, ఆగి, పొయ్యి చుట్టూ తిరిగొచ్చి ఎడం పక్కన వంగి పళ్లెం పట్టారు.

"దీంట్లో పెట్టు" అన్నారు.

ఈమాత్రం ఇటు రావడానికి ముప్ఫై ఎనిమిదేళ్లు పట్టింది మనిషికి. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రేకు పళ్లెంలో పెట్టిన ఎడంచెయ్యి మాత్రం వణకలేదు.