పచ్చబడ్డ గాజుపలక

అన్విత గాజుపలకల మీద వెండి వరసలు వేసేది. కంటికి ఆనని సన్నటి పూసలను గాజు మీద పక్కపక్కనే పరిచి, సందుల్లోంచి వెండి ఆవిరి పట్టించేది. పూసలు తీసేశాక ఆ సందులున్న చోటల్లా వెండి రేణువులు మిగిలేవి. వాటి మీద వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగి, వెలుగులో ఒక రంగును మింగేస్తాయి. అందుకే పలక నీలంగా కనిపించేది. వెండికి ఏదైనా అంటుకుంటే మింగే రంగు మారిపోతుంది. నీళ్లలో కలిసిన పురుగుమందును ఇలా పట్టుకోవచ్చన్నది ఆమె పరిశోధన.

గుంటూరు శివార్లలో ఆమె చదివే కాలేజీలో, ల్యాబ్ కిటికీ అవతలంతా మిరప చేలే. అక్కడ కూలికొచ్చే పున్నమ్మ 2005 చలికాలంలో ఒక సీసాతో నీళ్లు పట్టుకొచ్చింది.

"మా ఆయన మందు కొట్టే పనికి పోతాడమ్మా. ఈ మధ్య ఒళ్లంతా ఒకటే వణుకు. మా బావిలో గానీ మందు కలిసిందేమో చూసి చెప్పు."

ఆ నీళ్లలో ముంచిన నీలం పలక మర్నాటికి పచ్చబడింది. ఇంకోసారి చేసి చూడమన్నారు గైడ్ లక్ష్మీనరసింహం గారు. అన్విత ఆగలేకపోయింది. చేలోకి వెళ్లి, "ఆ నీళ్లు తాగొద్దు పున్నమ్మా" అని చెప్పేసింది.

పున్నమ్మ బావి మానేసి కాలవ నీళ్లు మోసుకొచ్చింది. వారం తిరక్కుండానే ఆ కాలవ నీళ్లకి ఆమె భర్త జక్రయ్యకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

ఆ తర్వాతే అన్విత, ఏ నీళ్లూ తగలని కొత్త పలకను బీరువాలోంచి తీసింది. అదీ పచ్చగానే ఉంది.

"చేలల్లో తెగులుకి గంధకం చల్లుతున్నారు కదమ్మా. ఆ గాలికి వెండి పాడైంది" అన్నారు గైడ్.

"మరి ఆ బావి, సార్?"

"మన పలకలతో తేలదు."

అన్విత పున్నమ్మ ఇంటికి వెళ్లి అంతా చెప్పింది. పున్నమ్మ బావి వైపు చూసింది.

"అయితే బావి మంచిదేనా?"

"తెలీదు. వేరే చోటికి పంపించి పరీక్ష చేయిస్తాను."

"ఇప్పుడెవరి కోసం?"

పున్నమ్మ లేచి బావి దగ్గరికి నడిచింది. చేద వేసి నీళ్లు తోడుకుని, దోసిలి పట్టి తాగింది. ఆపబోయి ఒక అడుగు వేసిన అన్విత, ఆ నీళ్ల సంగతి తనకే తెలీదని గుర్తొచ్చి ఆగిపోయింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఆమె వైపు చూడకుండానే పున్నమ్మ లోపలికి వెళ్లిపోయింది.