మూతి మడిచే వేళ్లు

మా అమ్మ గంగుబాయికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ చీటీ మీద ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అని రాసి, "చేతి పనులు మళ్లీ నేర్పిస్తారు, మీ ఊళ్లోనే చూపించుకోండి" అన్నాడు. రాసినంత తేలికగా దొరుకుతుందనుకున్నాడు మహానుభావుడు.

నిజామాబాద్ అంతా నెలల తరబడి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కంఠేశ్వర్‌లో ఏ సందు చూసినా ఫిజియోథెరపీ బోర్డే. ఒక క్లినిక్ బోర్డు మీద మాకు కావలసిన థెరపీ పేరు కూడా కనిపిస్తే ప్రాణం లేచి వచ్చింది. లోపలున్న ఫిజియోథెరపిస్టు రవీందర్ సార్ అమ్మ చేతికి కరెంటు పెట్టి, భుజం పైకెత్తించాడు.

"చెయ్యి లేస్తున్నది గద, ఇంకేం గావాలె?"

"గా బోర్డు మీద రాసిన థెరపీ చేసేటాయన ఏడి సార్?" అన్నాను.

"ఆయన మానేసి శాన రోజులాయె. బోర్డు మంచిగున్నది గదా అని ఉంచినం."

ఒళ్లు మండిపోయింది. చెయ్యి పైకెత్తి అమ్మ ఎవరికి దండం పెట్టాలి? బుద్ధెరిగిన దగ్గర్నుంచి బీడీలు చేసిన మనిషి. ఆకు చుట్టాక దాని మూతిని వేలిగోటితో లోపలికి మడవాలి. ఆ మడత కుదరకపోతే తంబాకు రాలిపోతుంది, కార్ఖానాలో ఆ బీడీని తీసి పక్కన పడేస్తారు. మధ్యాహ్నమైతే మా వాడకట్టు ఆడవాళ్లందరూ ఆకు, తంబాకు పోసుకున్న చాటలు ఒళ్లో పెట్టుకుని ఒకే అరుగు మీద కూర్చుంటారు. ఒళ్లో చాట లేకుండా అక్కడ కూర్చోవడం అమ్మకు సిగ్గు. తలుపేసుకుని ఇంట్లోనే ఉండిపోయింది.

పక్కింటి రేణుకమ్మ మంచికే వచ్చింది. "అక్క కార్డు మీద నేను చేసిస్త తియ్ వినీతా, కార్డయితే పోదు" అంది. పని ఆగితే కార్ఖానా కార్డు, దాంతోపాటు పీఎఫ్ పోతాయి; అందుకే కార్డు ఒకరిదైతే బీడీలు ఇంకొకరు చేయడం మా దగ్గర మామూలే. అమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

"కార్డు బతికితే సాలా? నా చెయ్యి సచ్చిందా?" అంది.

చివరికి బోధన్‌లో వికలాంగ పిల్లల కేంద్రానికి ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒకామె వారానికోసారి వస్తుందని తెలిసింది. చెరుకు లారీల వెనక నత్తనడక నడిచే బస్సులో పోయాం. గేటు దగ్గర "ఇది పిల్లలకే" అని ఆపారు.

"మా అమ్మ గిప్పుడు పిల్లనే. చెంచా పట్టుడు గూడ వస్తలేదు!" అని గొంతు పెంచాను. నా గొడవకు ఆ థెరపిస్టు సుష్మ మేడమే బయటికి వచ్చింది.

ఆమె చెయ్యి పైకెత్తమనలేదు. "రోజూ ఏం పని చేసేవారమ్మా?" అని అడిగింది. అన్ని నెలల్లో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. అమ్మ కొంగులోంచి తడిబట్టలో చుట్టిన తునికాకు, బీడీలు చేసే ఆకు, తీసింది. ఎప్పుడు పెట్టుకుందో నాకే తెలియదు. ఎడమ చేత్తో ఎలాగో ఆకు చుట్టి, కుడి వేళ్లతో మూతి మడవబోయింది. ఆకు విచ్చుకుపోయింది. మేడం ఆ వేళ్లను ఒక్కొక్కటే కదిపి చూసింది.

"చెంచా పట్టడం, జడ వేసుకోవడం నేర్పిస్తాను. ఈ మడత మాత్రం మళ్లీ వస్తుందని చెప్పలేనమ్మా. వేళ్లు బిగుసుకుపోయాయి. మొదట్లోనే మొదలుపెట్టాల్సింది. ఇన్ని నెలలు ఎక్కడున్నారు?"

నాకు కోపం తన్నుకొచ్చింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"మేం ఏడికి వోలే బిడ్డా. ఈడనే ఉన్నం. మీరే లేకుంటిరి."